చిప్స్ ప్యాకెట్ ఉబ్బింది

అనంతగిరి ఘాట్‌లో మలుపులు తిరుగుతుంటే చెవులు దిబ్బడేశాయి. వెనక్కి చూస్తే సీట్లో చిప్స్ ప్యాకెట్ బూరెలా ఉబ్బిపోయి ఉంది. పేలుతుందేమోనని అమ్మకి ఒకటే టెన్షన్!

పొద్దున వైజాగ్‌లో ఉక్కపోతకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఏసీ పెంచమని గొడవ. 100 కిలోమీటర్లైనా రాకముందే అమ్మ చెవుల మీదుగా కొంగు చుట్టేసుకుంది. అద్దం దించితే పొగమంచు, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు.

1,000 మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుందని బళ్లో బట్టీ పట్టిందే. ఈ కొండల మీద శిమిలిగుడ రైల్వే స్టేషన్ ఎత్తే 996 మీటర్లట. ఆ లెక్క ఇవాళ ముక్కు చివర తెలిసింది.

సాయంత్రం ఎస్.కోటకి దిగేసరికి ప్యాకెట్ మళ్లీ మామూలైపోయింది. ఏసీ గొడవా మళ్లీ మొదలు.