లైసెన్సు మీద మచ్చ ఉన్నా లారీ ఎక్కాను: నా అనుభవం

మా వైపు కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది: "అన్నా, చలాన్లు ఉన్నాయి, లైసెన్సు ఒకసారి సస్పెండ్ అయింది. నాకు హెవీ లైసెన్సు ఇస్తారా? ఇచ్చినా బండి ఎవరిస్తారు?" వినడానికి ఒకే ప్రశ్నలా ఉంటుంది గానీ ఇందులో రెండున్నాయి. మొదటిదానికి జవాబు ఆర్టీఏ ఆఫీసులో దొరుకుతుంది, రెండోది లారీ ఆఫీసులుండే ఆటోనగర్‌లో వెతుక్కోవాలి. మొదటిది మనం భయపడినంత కష్టం కాదు. రెండోదే మనిషిని తిప్పి తిప్పి వదిలిపెడుతుంది. ఆ రెండూ దాటి వచ్చినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

నాది గుంటూరు దగ్గర పల్లె. ఒక ఓనరు దగ్గర నాలుగు చక్రాల చిన్న ట్రాలీ బండి తోలేవాణ్ని. మిర్చి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) చేరవేయడం, తిరిగి వచ్చేటప్పుడు ఎరువులో, పశువుల దాణానో వేసుకుని రావడం. మిరప కోతలు మొదలైతే మాత్రం పొద్దున్నే ఇంకో పని ఉంటుంది. ఓనరు ఫోన్ చేసి ఫలానా చేనుకి కూలీలను దింపిరమ్మంటాడు. మా దగ్గర అందరూ చేసేదే. ఒక పొద్దున అలా ఆడకూలీలను ఎక్కించుకుని వెళ్తుంటే తనిఖీలో ఆపారు. సరుకు బండిలో మనుషులు ఉన్నారని ఫైన్ రాయడంతో ఆగలేదు, లైసెన్సు సస్పెన్షన్‌కి కూడా పంపించారు.

ఈ ఒక్క తప్పుకి సస్పెన్షన్ ఏమిటని చాలామంది నాతో అన్నారు. రూలు మాత్రం స్పష్టంగానే ఉంది. రోడ్డు భద్రత మీద సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది: మితిమీరిన వేగం, రెడ్ సిగ్నల్ దాటడం, ఓవర్‌లోడ్, సరుకు బండిలో మనుషులను ఎక్కించడం, తాగి నడపడం, నడుపుతూ ఫోన్ మాట్లాడటం, వీటిలో ఏది చేసినా లైసెన్సు కనీసం మూడు నెలలు ఆపాలని. ట్రాలీలు, ట్రాక్టర్లు బోల్తాపడి మిరప కూలీలు చనిపోయిన వార్తలు గుంటూరు, పల్నాడు జనానికి కొత్త కాదు. ఆ రూలు ఉండాల్సిందే అని నా అభిప్రాయం. అయితే శిక్ష డ్రైవరు లైసెన్సు మీదే పడుతుంది, ఫోన్ చేసి పంపినవాడు మర్నాడు ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటాడు. కొత్తగా స్టీరింగ్ పట్టేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

సస్పెండ్ చేసే ముందు మనకు నోటీసు ఇచ్చి మన మాట వినాలని చట్టంలో ఉంది. ఆర్డరు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. నేను అప్పీలుకి వెళ్లలేదు. ఆర్డరు కాగితం మాత్రం అడిగి తీసుకున్నాను. దాన్ని చించి పారేసేవాళ్లనూ, ఎక్కడో పోగొట్టుకునేవాళ్లనూ చూశాను. ఆ కాగితం ఎందుకు దాచుకోవాలో తర్వాత చెప్తాను.

ఆ మూడు నెలలు బండి ముట్టుకోకూడదు. సస్పెన్షన్‌లో ఉండగా నడిపితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు. "పల్లె రోడ్ల మీద ఎవరు చూస్తార్రా" అని అన్నవాళ్లున్నారు. ఆ మాట వినకుండా, నాకు బాబాయి వరస అయ్యే ఆయన పది టైర్ల లారీకి క్లీనర్‌గా వెళ్లాను. వయసు మళ్లినా చూపు చురుగ్గా ఉండే మనిషి. పెద్దగా చదువుకోలేదు గానీ గుంటూరు నుంచి చెన్నై దాకా ఏ ఊరి దగ్గర రోడ్డు ఎటు వంగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

లారీ పని నాకు పట్టుబడింది ఆ క్లీనర్ సీట్లోనే. మిర్చి లోడు బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. మలుపులో బండి పక్కకి లాగుతుంది, అందుకే మలుపు రాకముందే స్పీడు తగ్గించాలి. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు వేసుకుంటే దీనికి పూర్తిగా ఎదురు. బరువంతా కిందే ఉండి బండి నిలకడగా పోతుంది, బ్రేకు వేస్తే మాత్రం చాలా దూరం పోయి గానీ ఆగదు. పట్టా కప్పి తాడు బిగించడంలో కూడా పద్ధతి ఉంది. గాలికి పట్టా అంచు ఒకచోట లేచిందంటే నెల్లూరు చేరేలోపు మొత్తం చిరుగుతుంది. టీకి ఆగిన ప్రతిచోటా బాబాయి రాడ్డుతో టైర్లు కొట్టించేవాడు. జంట టైర్లలో లోపలిది గాలి దిగితే పైకి కనపడదు, చప్పుడులోనే తేడా తెలుస్తుంది. "స్టీరింగ్ తిప్పడం నెలలో వస్తుంది అబ్బాయ్, బండి మాట వినడానికి ఏళ్లు పడుతుంది" అనేవాడు.

గడువు అయిపోగానే లైసెన్సు దానంతటదే మామూలైపోతుందని అనుకోకండి. సస్పెన్షన్ అయ్యాక రిఫ్రెషర్ క్లాసు పూర్తిచేయాలి. అది చేశాక కూడా కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో నా లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొట్టి చూస్తే ఇంకా సస్పెండెడ్ అనే వచ్చింది. ఆర్డరు కాపీ, క్లాసు సర్టిఫికెట్ జతచేసి ఆఫీసులో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకున్నాను. కొన్నాళ్లు తిరిగాక యాక్టివ్ అని మారింది. అలా మారాకే నేను స్టీరింగ్ ముట్టుకున్నాను. కంప్యూటర్లో మారకుండా రోడ్డెక్కితే, ఆపినవాళ్లకు మన జేబులో కాగితం కన్నా వాళ్ల ఫోన్లో కనపడేదే నిజం.

చలాన్ల సంగతి వేరు. నా పేరు మీద ఉన్నవాటిలో సగం నేను అమ్మేసిన బైకువి. కొన్నాయన పేరు మార్పించుకోలేదు. విజయవాడలో హెల్మెట్ లేకుండా తిరుగుతుంటే ఫొటోలు తీసి చలాన్లు పంపారు, అన్నీ నా పేరు మీదే. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. కెమెరా ఫొటోతో వచ్చే చలాను బండి నంబరు మీద పడుతుంది, అంటే ఆర్‌సీలో పేరున్నవాడి మీద. రోడ్డు మీద ఆపి లైసెన్సు చూసి రాసింది లైసెన్సు నంబరుతో ఉంటుంది. లారీ ఓనర్లు గట్టిగా పట్టించుకునేది రెండోదాన్ని. అయినా రెండూ క్లియర్ చేసుకోవడమే మంచిది. బైకు కొన్నాయన్ని బతిమాలి తీసుకొచ్చి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించి పేరు మార్పించాను. చలాన్లు కట్టందే ఆ పని ముందుకు కదల్లేదు, అందుకని ఇద్దరం పంచుకుని కట్టాం. బండి అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలని చట్టంలోనే ఉంది.

ఇక హెవీ. సస్పెన్షన్ అయినవాళ్లకు హెవీ రాదని, మొదటినుంచి కొత్త లైసెన్సు తీసుకోవాలని ఒక ఏజెంటు నాకు చెప్పాడు, దానికో రేటూ చెప్పాడు. అది నిజం కాదు. ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) ఇవ్వాలంటే 20 ఏళ్లు నిండాలి, కార్లలాంటి లైట్ బండ్ల లైసెన్సు కనీసం ఏడాదిగా చేతిలో ఉండాలి. సస్పెన్షన్ గడువు అయిపోయి, స్టేటస్ సరిగ్గా ఉంటే అడ్డు లేదు. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న పాత రూలు కూడా 2019లో తీసేశారు. ప్రభుత్వ ఫీజులు వందల్లోనే ఉంటాయి. వేలల్లో ఖర్చయ్యేది డ్రైవింగ్ స్కూలుకి. ఆర్టీసీ కూడా హెవీ డ్రైవింగ్ స్కూళ్లు నడుపుతోంది, మీకు దగ్గర్లో ఉందేమో కనుక్కోండి. నేను గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో చేరి, శిక్షణ పూర్తయిందని ఇచ్చే ఫారం 5 తీసుకున్నాను. డాక్టరు దగ్గర ఫారం 1ఏ, అంటే మెడికల్ సర్టిఫికెట్ కావాలి. అందులో కళ్లు ముఖ్యం. 25 మీటర్ల దూరంలో నంబరు ప్లేటు చదవగలగాలి, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు పనికొస్తుంది, 30 రోజులు దాటాక టెస్టుకి స్లాట్ బుక్ చేసుకోవచ్చు.

టెస్టు రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు క్యాబిన్ ఎక్కగానే నేను బండి స్టార్ట్ చేసి కదిలించకుండా కూర్చున్నాను. "ఏంటి చూస్తున్నావ్?" అని అడిగారు. "ఎయిర్ ఎక్కుతోంది సార్, ప్రెషర్ చాల్లేదు" అన్నాను. ఎయిర్ బ్రేకు బండికి ట్యాంకులో గాలి నిండకుండా కదలకూడదు. ఈ సంగతి నాకు స్కూల్లో కాదు, క్లీనర్ సీట్లో తెలిసింది. ముందుకు పోనిచ్చి, రివర్స్ చేయించి దిగిపోయారు. అద్దాలు చూసుకోవడం, హ్యాండ్ బ్రేకు, సిగ్నలు, ఇవే గమనించారు. పాత సస్పెన్షన్ గురించి ఒక్క మాట అడగలేదు.

ఆ మాట అడిగింది ఓనర్లు. విజయవాడ ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు, ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం బూడిద తోలే బల్కర్ల (ట్యాంకు లారీల) ఆఫీసులు, గుంటూరు యార్డు దగ్గరి లారీ ఆఫీసులు, అన్నీ తిరిగాను. "హెవీ ఎప్పుడొచ్చింది? ఇంతకుముందు ఎక్కడ చేశావ్? పూచీ ఎవరు?" ఈ మూడు ప్రశ్నలూ ప్రతిచోటా ఉంటాయి. ఒకచోట మాట్లాడుతుండగానే నా నంబరు ఫోన్లో కొట్టి చూసి, తర్వాత కబురు చేస్తామన్నారు. ఆ కబురు రాలేదు.

మొదట్లో నాకు కోపం వచ్చేది. ఓనరు వైపు లెక్క అర్థమయ్యాక తగ్గింది. యాక్సిడెంట్ అయి, డ్రైవరుకి సరైన లైసెన్సు లేదని తేలితే, ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు ముందు డబ్బు కట్టి, తర్వాత దాన్ని ఓనరు దగ్గర వసూలు చేసుకునే వీలుంది. ఒక్క కేసుతో లారీ అమ్ముకోవాల్సి రావచ్చు. ఓవర్‌లోడ్ పట్టుకుంటే 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకి 2,000. కిస్తీలు కట్టుకుంటున్న మనిషి డ్రైవర్ని అనుమానంగా చూడటంలో తప్పు పట్టలేం.

అందుకే పద్ధతి మార్చాను. ఒక ఫైలు పెట్టుకున్నాను: సస్పెన్షన్ ఆర్డరు, రిఫ్రెషర్ సర్టిఫికెట్, లైసెన్సు యాక్టివ్‌గా ఉన్న ప్రింటు, చలాన్లు ఏమీ లేవన్న ప్రింటు, ఫారం 5, కింద బాబాయి ఫోన్ నంబరు. వెళ్లగానే వాళ్లు అడక్కముందే సస్పెన్షన్ ఆర్డరు బల్ల మీద పెట్టేవాణ్ని. తేదీలతో సహా ఉంది కాబట్టి, తాగి నడిపాడా, మనిషిని గుద్దాడా అని ఊహించుకునే పని వాళ్లకి లేకుండా పోయింది. వెంటనే పని దొరికిందని చెప్పను. కానీ "తర్వాత కబురు చేస్తాం" అనే మాట తగ్గి, "హెవీ మీద అనుభవం లేదుగా" అనే మాట మొదలైంది. అనుభవం సంపాదించుకోవచ్చు, అనుమానాన్ని పోగొట్టుకోవడమే కష్టం.

ఈలోపు తిండికి పికప్ బండి తోలాను. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండ్లకు లైట్ లైసెన్సు చాలని, లైసెన్సు మీద వేరే ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తీర్పు ఇచ్చింది. హెవీ చేతికొచ్చేదాకా ఖాళీగా కూర్చునేవాళ్లకు ఇది మంచి దారి.

కోర్టు కేసు ఉన్నవాళ్ల సంగతి నాకు సొంతంగా తెలిసింది కాదు, నాతో స్కూల్లో నేర్చుకున్న అబ్బాయిని చూసి రాస్తున్నాను. యాక్సిడెంట్ కేసు నడుస్తున్నంత మాత్రాన అతని లైసెన్సు దానంతటదే రద్దు కాలేదు. కానీ వాయిదా రోజున లోడుతో ఎక్కడో ఉండిపోతే వారెంటు రావచ్చు. అందుకే అతను వాయిదా తేదీలు ఓనరుకి ముందే రాసిచ్చి దగ్గరి ట్రిప్పులే ఒప్పుకున్నాడు. 2024 జూలై 1 తర్వాత జరిగినవాటికి పాత ఐపీసీలోని 279 (నిర్లక్ష్యంగా నడపడం), 304ఏ (నిర్లక్ష్యం వల్ల మరణం) బదులు కొత్త చట్టం బీఎన్‌ఎస్‌లోని 281, 106 సెక్షన్లు పెడుతున్నారు. మీది ఏదో లాయరుని అడిగి స్పష్టంగా తెలుసుకోండి, ఓనరు తప్పకుండా అడుగుతాడు.

చివరికి నన్ను తీసుకున్నది గుంటూరులో మూడు లారీలున్న ఒక పెద్దాయన. ఫైలు మొత్తం చదివి, బాబాయికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. తర్వాత ఖాళీ బండి ఇచ్చి, పక్కన కూర్చుని కాజ టోల్‌గేటు దాకా తోలమన్నాడు. దారిలో ఒక పాసింజర్ ఆటో అడ్డం వచ్చింది. హారన్ కొట్టకుండా బండి నెమ్మది చేసి దారిచ్చాను. ఆయన ఏమీ అనలేదు. దిగాక, "ఏం అబ్బాయ్, సెకండ్ డ్రైవరుగా వస్తావా? జీతం తక్కువ, బత్తా ఇస్తాను" అన్నాడు. "వస్తానండీ, ఒకటే మాట. లోడు మీద మనుషుల్ని ఎక్కించమంటే మాత్రం నావల్ల కాదు" అన్నాను. "నేనూ ఎక్కించను" అన్నాడు.

సెకండ్ డ్రైవరుగా మొదట్లో రాత్రులు ఖాళీ రోడ్డు మీద మాత్రమే స్టీరింగ్ ఇచ్చేవారు. ఒంగోలు దాటాక అని, తర్వాత చిలకలూరిపేట దాటాక అని, మెల్లగా ఆ దూరం పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు బండి నా చేతిలోనే ఉంది. మిర్చి సీజన్‌లో చెన్నై, మిగతా రోజుల్లో సిమెంటు.

కొండపల్లి ఆయిల్ డిపోల నుంచి ట్యాంకర్లు నడపాలని నాకుంది. దానికి ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ కావాలి, మూడు రోజుల ట్రైనింగ్ చేయాలి. అక్కడ కూడా నా పాత రికార్డు అడుగుతారు. ఫైల్లో పెద్దాయన రాసిచ్చిన కాగితం కూడా చేర్చాను. ట్రైనింగ్‌కి మిర్చి లోడ్లు తగ్గాక వెళ్లమన్నాడు.