కాల్చని కుకీ ముద్ద: గుడ్డుతో కాదు, పిండితోనే పేచీ

కుకీ డో అంటే ఓవెన్‌లోకి వెళ్లకముందు ఉండే ముద్ద. అమెరికాలో దాన్ని కాల్చకుండా అలాగే చెంచాతో తినే అలవాటుంది. చూడబోతే మనకూ ఇది మరీ కొత్తేమీ కాదు. నానబెట్టిన బియ్యం దంచి, ఆ తడిపిండిలో బెల్లం, నెయ్యి కలిపి చేసే పచ్చి చలిమిడి దీనికి వరసకి అక్క అవుతుంది.

నేను మొదలుపెట్టినప్పుడు పచ్చి గుడ్డు తీసేస్తే చాలనుకున్నాను. గుడ్డు బదులు రెండు చెంచాల పాలు పోస్తే ముద్ద బాగానే కలుస్తుంది, రుచిలో తేడా కూడా పెద్దగా తెలియదు. చిక్కంతా మైదాతోనే. గోధుమ పొలంలో పండుతుంది, పశువులూ పిట్టలూ తిరిగే చోటే ఎండుతుంది, మిల్లులో నలిగి సంచిలోకి వస్తుంది. ఈ దారిలో క్రిములను చంపేంత వేడి దానికి ఎక్కడా తగలదు. పొడిగా ఉన్నంతకాలం ఆ క్రిములు పెరగవు, కానీ చావకుండా నెలల తరబడి ఉండగలవు. 2016లో అమెరికాలో ఈ.కోలై అనే, కడుపు పాడుచేసే క్రిమి జనానికి సోకినప్పుడు వెతుక్కుంటూ వెళ్తే కారణం పిండేనని తేలింది. మైదా చూడ్డానికి తెల్లగా ఉన్నా, తినే విషయంలో అది పచ్చి సరుకే.

అందుకని మైదా వేయించి చూశాను. ముందు మైక్రోవేవ్. 150 గ్రాముల పిండిని గాజు గిన్నెలో పోసి, 30 సెకన్లకోసారి కలుపుతూ వేడి చేశాను. థర్మామీటర్ ఒకచోట 85 డిగ్రీలు చూపిస్తే, రెండంగుళాల అవతల 60 చూపించింది. తర్వాత మూకుడు, సన్న సెగ, పన్నెండు నిమిషాలు. అడుగు పిండి రంగు తిరిగింది, పైది తెల్లగానే మిగిలింది. పిండిలోని తడి ఆవిరైపోయి తూకం పది పన్నెండు గ్రాములు తగ్గింది. దాంతో ముద్ద పాలు ఎక్కువ లాగేసి గట్టిపడింది. వేయించిన పిండి చల్లారేలోపు ఉండలు కట్టింది, రెండుసార్లు జల్లించాల్సి వచ్చింది.

ఇవన్నీ ఎలాగోలా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది వేరే ఉంది. తడి పదార్థంలో 74 డిగ్రీలకే చచ్చే సాల్మొనెల్లా అనే క్రిమి, పొడి పిండిలో అదే వేడిని చాలాసేపు తట్టుకుంటుంది. తడి లేనిచోట వేడి దాన్ని అంత తొందరగా చంపలేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఇంట్లో పిండి వేయించుకుని సురక్షితమైందనుకోవద్దనే చెబుతోంది. ఫ్యాక్టరీలో క్రిములు చనిపోయేలా శుద్ధి చేసి, ఆ మాట పాకెట్ మీద రాసి అమ్మే మైదా దొరికితే అది వాడుకోవచ్చు. నాకు దొరకలేదు. మైదా మానేశాను.

దాని బదులు ముందే కాలిన పిండి ఏముందా అని చూస్తే, డబ్బాలో మారీ బిస్కెట్లున్నాయి. బిస్కెట్ అంటేనే కాలిన గోధుమపిండి కదా. దానికి తోడు పుట్నాల పొడి. పుట్నాలు కూడా వేయించినవే. ఒట్టి బిస్కెట్ పొడితో చేస్తే ముద్ద రవ్వరవ్వగా ఉంటుంది, పుట్నాల పొడి ఆ సందుల్ని పూడ్చి నున్నగా చేస్తుంది. అయిదో వంతు మించితే మాత్రం నోట్లో చట్నీ రుచి తేలుతుంది.

ఇరవై ఉండలకు నేను వాడే కొలత ఇది: మారీ బిస్కెట్ల పొడి 120 గ్రాములు, పుట్నాల పొడి 30, ఉప్పులేని బటర్ 75, బ్రౌన్ షుగర్ 60, చక్కెర పొడి 15, కాచి చల్లార్చిన పాలు మూడు టేబుల్ స్పూన్లు, ఉప్పు పావు టీస్పూన్, వెనిలా ఎసెన్స్ అర టీస్పూన్, చాక్లెట్ తునకలు 70 గ్రాములు. కప్పులతో కొలవకండి. పొడిని కప్పులోకి నొక్కి నింపడానికీ వదులుగా పోయడానికీ ముప్ఫై గ్రాముల తేడా రావచ్చు. ఉప్పు బటర్ వాడితే విడిగా ఉప్పు అక్కర్లేదు. ఇంట్లో చిలికిన వెన్నలో నీరు ఎక్కువ, కాస్త పులుపూ ఉంటుంది. దీనికి పనికిరాదు.

బిస్కెట్లను మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే జార్ వేడెక్కి, బిస్కెట్‌లోని నూనె వదిలి పొడి అడుగున అట్టలా అంటుకుంటుంది. రవ్వ జల్లెడ కాదు, మైదా జల్లించే సన్న జల్లెడ వాడాలి. పైన మిగిలింది మళ్లీ మిక్సీలోకి.

ఎక్కువమందికి తేడా కొట్టేది చక్కెర దగ్గర. కాల్చే కుకీలో చక్కెర ఓవెన్ వేడికి కరిగిపోతుంది కాబట్టి ఎలా వేసినా చెల్లుతుంది. ఇక్కడ వేడి లేదు. చక్కెర కొవ్వులో కరగదు, నీటిలోనే కరుగుతుంది. బటర్‌లో ఉన్న కాస్త నీరు దానికి చాలదు. ఎంతసేపు గిలకొట్టినా పంటికింద ఇసకలా తగులుతుంది. అందుకని బ్రౌన్ షుగర్ మీద మూడు చెంచాల పాలల్లో రెండు మళ్లీ వేడి చేసి పోసి, వేలితో నలిపితే గరుకు తగలనంతవరకు కలిపి, పూర్తిగా చల్లారనిస్తాను. బ్రౌన్ షుగర్ లేకపోతే నల్లబెల్లం తురుము 50 గ్రాములు ఇలాగే కరిగించి వడకట్టుకోవచ్చు. కొన్ని బెల్లాలు ఉప్పగా ఉంటాయి, ముందు రుచి చూసి ఉప్పు తగ్గించుకోండి.

ఇక బటర్. రూమ్ టెంపరేచర్‌లో ఉండాలని వంటల పుస్తకాలు రాస్తాయి. ఆ రూమ్ ఏ చలిదేశంలోదో. మే నెలలో మన వంటింట్లో పెడితే అది బటర్‌గా ఉండదు, నెయ్యి డబ్బాలా తయారవుతుంది. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి జిడ్డు మాత్రం అంటకూడదు. ముక్కలుగా కోసి పెడితే ఎండాకాలంలో పది నిమిషాలు చాలు, డిసెంబర్‌లో ముప్పావు గంట పడుతుంది. కరిగిపోతే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపరిచినా లాభం లేదు, నీరూ కొవ్వూ విడిపోయాక ఆ నునుపు తిరిగి రాదు.

బటర్, చక్కెర పొడి కలిపి రెండు నిమిషాలు గిలకొట్టి, చల్లారిన బ్రౌన్ షుగర్ పాకాన్ని మూడు విడతలుగా పోస్తాను. ఒకేసారి పోస్తే విరిగిన పాలలా అవుతుంది. అలా అయినా పారేయక్కర్లేదు, రెండు చెంచాల బిస్కెట్ పొడి వేసి తిప్పితే కలుస్తుంది. తర్వాత ఉప్పు, వెనిలా. ఎసెన్స్ అర టీస్పూన్ దాటకూడదు. ఓవెన్‌లో కొంత ఆవిరైపోయే ఘాటు ఇక్కడ అంతా ముద్దలోనే ఉండిపోయి చేదు తగులుతుంది.

పొడులు వేసి గరిటెతో కలిపాక ముద్ద జారుగా, తప్పు చేశామేమో అన్నట్టు ఉంటుంది. అప్పుడు పొడి కలపకండి. పదిహేను నిమిషాలు మూత పెట్టి వదిలేస్తే బిస్కెట్ పొడి తడిని పీల్చుకుని గట్టిపడుతుంది. అప్పుడే మిగిలిన పాలు, కొద్దికొద్దిగా. చపాతీ పిండికన్నా మెత్తగా, సున్నుండ కట్టే పిండికన్నా తడిగా ఉండాలి. చేతిలో ఉండ చేస్తే అంచులు పగలకూడదు. పగిలితే అర చెంచా పాలు చాలు.

బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ వేయొద్దు. ఇందులో పొంగాల్సింది ఏమీ లేదు, సోడా వేస్తే సబ్బు వాసనే మిగులుతుంది.

చాక్లెట్ చివరగా. చౌకగా దొరికే కాంపౌండ్ చాక్లెట్‌లో కోకో బటర్ బదులు వేరే కొవ్వులుంటాయి. చల్లటి ముద్దలో అది నోట్లో తొందరగా కరగక, మైనంలా అంగిలికి అంటుకుంటుంది. పాకెట్ వెనక కోకో బటర్ అని ఉన్న డార్క్ చాక్లెట్ బార్ కొని, శనగపప్పు సైజు తునకలుగా తరగండి. పెద్దవైతే ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు పంటికి రాయిలా తగులుతాయి. తరిగినప్పుడు రాలిన పొడి కూడా వేసేయండి, ముద్ద అంతా చాక్లెట్ రుచి పాకుతుంది.

అరగంట ఫ్రిజ్‌లో పెట్టి 20 గ్రాముల చొప్పున ఉండలు చేస్తే పని అయినట్టే. మూత బిగుతుగా ఉన్న డబ్బాలోనే పెట్టాలి, బటర్ పక్కనున్న ఉల్లిపాయ వాసనను ఇట్టే పట్టేస్తుంది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంచుకోవచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగి తింటే మెత్తగా ఉంటుంది. ఐస్‌క్రీమ్‌లో వేసేవాళ్లు మాత్రం శనగగింజంత ఉండలు చేసి ఫ్రీజర్‌లోంచి నేరుగా వేసుకోవాలి.

మిగిలిన ముద్దను కుకీలుగా కాలుద్దామని ఓవెన్‌లో పెట్టకండి. ఒకసారి కాలిన పిండికి మళ్లీ పట్టు రాదు. బటర్ కరిగి, ట్రే అంతా నూనె మడుగులో చాక్లెట్ తునకలు తేలతాయి.