ఒకరి షెడ్డులో ఒకరం నిలబడి నేర్చుకున్నాం

మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్. లేబుళ్లు, అట్టపెట్టెలు, బ్రోచర్లు అచ్చు వేస్తాం. ఆర్డర్లకు కొదవ లేదు. చెప్పిన తేదీకి సరుకు ఇవ్వడమే ఎప్పుడూ టెన్షన్. ఉన్న మెషిన్ చాలడం లేదనిపించి ఇంకోటి కొనే ఆలోచనలో ఉన్నప్పుడు, తోటి చిన్న వ్యాపారులు కొందరు ఒక మాట తెచ్చారు. లీన్ పద్ధతుల (పనిలో వృథాను తగ్గించే పద్ధతుల) కోసం ఎవరికి వారు తంటాలు పడే బదులు కలిసి నేర్చుకుందాం అని. అలా కుట్టు యూనిట్ నడిపే ఆవిడ, లేత్ వర్క్‌షాప్ యజమాని, లాండ్రీ ఆయన, ఎలక్ట్రానిక్ పరికరాల రిపేర్ సెంటర్ నడిపే అక్కాతమ్ముళ్లు, చెక్క ఫర్నిచర్ చేసే ఒకాయన, నేను ఒక బృందం అయ్యాం. ఇలాంటి బృందం పెట్టుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని మా అనుభవం రాస్తున్నాను.

మొదట్లో ఒక గదిలో కూర్చుని మాట్లాడుకున్నాం. ఏడు రకాల వృథాల గురించి ఒకరు చెప్పారు: అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూడడం, సరుకును అటూ ఇటూ మోయడం, అక్కర్లేని పని చేయడం, నిల్వలు పేర్చుకోవడం, మనుషులు ఊరికే తిరగాల్సి రావడం, లోపాలు. ఫైవ్ ఎస్ (పనిచేసే చోటును క్రమంగా సర్ది ఉంచుకునే పద్ధతి) గురించి ఇంకొకరు స్లైడ్లు చూపించారు. బాగుందనుకుని ఎవరి దారిన వాళ్లం వెళ్లాం. మళ్లీ కలిసినప్పుడు చూస్తే ఎవరి దగ్గరా ఏమీ మారలేదు. వృథాల పేర్లు వచ్చినంత మాత్రాన అవి మన షెడ్డులో కనిపించవు కదా. రోజూ తిరిగే చోట కన్ను దేని మీదా ఆగదు.

లేత్ వర్క్‌షాప్ ఆయన అంతకుముందు వాహనాల విడిభాగాలు చేసే కంపెనీలో పనిచేశారు. టయోటా తన సరఫరాదారులతో ఏం చేసిందో మాకు చెప్పింది ఆయనే. క్యోహోకై అనే వాళ్ల సరఫరాదారుల సంఘం 1943 నుంచే ఉంది. 1970లలో ఆ కంపెనీ ఇంకో అడుగు వేసింది. సరఫరాదారులను చిన్న చిన్న గుంపులు చేసి, ఒకరి ఫ్యాక్టరీకి మిగతావాళ్లు వెళ్లి, అక్కడున్న అసలు సమస్య మీద అక్కడే పనిచేసే ఏర్పాటు చేసింది. దాన్ని జిషుకెన్ అంటారు. నేరుగా పోటీపడే కంపెనీలు ఒకే గుంపులో పడకుండా చూసుకునేవారట. ఇది విన్నాక మేం ఆ గదిని వదిలేశాం.

ముందుగా కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. కస్టమర్ల పేర్లు, రేట్లు ఎవరూ అడగకూడదు. ఆ యూనిట్ వాళ్లు ఒప్పుకుంటే తప్ప ఫొటో తీయకూడదు. సందర్శన ఎప్పుడూ పని నడుస్తున్న సమయంలోనే జరగాలి, ముందురోజు ప్రత్యేకంగా సర్దిపెట్టకూడదు. ఏ ప్రశ్న మీద చూడాలో ఆ యూనిట్ వాళ్లే ఒక్కటి చెప్పాలి. చూసేవాళ్లు ఇద్దరేసి చొప్పున ఒక్కోచోట నిలబడి, కనిపించింది మాత్రమే రాయాలి. “స్టోర్ సరిగ్గా లేదు” అని రాయడానికి వీల్లేదు. “ఒకతను స్టోర్‌కు వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు” అని రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన కట్టుబాటు మాత్రం పని చేసేవాళ్ల గురించినది. ఈ ప్రయత్నం వల్ల పని తగ్గిందని ఎవరినీ తీసేయకూడదు, ఆ మాట ప్రతి యజమానీ తన మనుషుల ముందు నిలబడి చెప్పాలి. కుట్టు యూనిట్ ఆవిడ పట్టుబట్టి దీన్ని చేర్పించారు. “నా దగ్గర ఒక అమ్మాయి తన మిషన్ పక్కన రెండు రోజుల పని దాచిపెట్టుకుంటుంది. పని అయిపోతే ఇంటికి పంపేస్తారని దాని భయం. ఆ భయం పోకుండా మీరెన్ని బోర్డులు పెట్టినా ఆ కట్టలు అక్కడే ఉంటాయి” అన్నారావిడ. నిల్వలు ఎందుకు పేరుకుంటాయో ఏ స్లైడూ నాకు ఇంత స్పష్టంగా చెప్పలేదు.

మా ప్రెస్ వంతు వచ్చినప్పుడు నేనిచ్చిన ప్రశ్న: ఒక జాబు పూర్తయి ఇంకో జాబు మొదలవడానికి ఇంత సమయం ఎందుకు పడుతోంది? మా పనిలో దీన్ని మేక్‌రెడీ అంటాం. పాత ప్లేట్లు తీయాలి, రోలర్లు, బ్లాంకెట్లు (రంగును కాగితం మీదికి దించే రబ్బరు షీట్లు) కడగాలి, కొత్త ప్లేట్లు కట్టాలి, కాగితం సైజుకు ఫీడర్ సర్దాలి, రంగులన్నీ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా పడేలా రిజిస్ట్రేషన్ కుదర్చాలి, కస్టమర్‌కు చూపించిన నమూనాతో, అంటే ప్రూఫ్‌తో, రంగు సరిపోయేదాకా షీట్లు వదలాలి. మా దగ్గర అది మామూలుగా గంట దాటేది. రోజుకు చిన్న చిన్న జాబులు నాలుగైదు ఉంటే మెషిన్ అచ్చు వేసే సమయమెంత, ఆగి ఉండే సమయమెంత అన్నది మీరే లెక్కేసుకోవచ్చు.

సందర్శన సంగతి చెప్పగానే మా సీనియర్ ఆపరేటర్ ముఖం మాడ్చుకున్నాడు. “సార్, వాచీ పట్టుకుని ఎవరో నా వెనకాల నిలబడితే నాకు చెయ్యాడదు” అన్నాడు. ఆయన మాట న్యాయమే. అప్పుడు లాండ్రీ ఆయన ఒక ఉపాయం చెప్పారు: వాచీ ఆపరేటర్ చేతికే ఇద్దాం, ఏ పని ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిందో ఆయనే పైకి చెప్తాడు, మనం రాసుకుందాం. దాంతో వాతావరణమే మారిపోయింది. కాసేపటికి ఆయనే “ఇదిగో, ఇప్పుడు ప్లేట్ల కోసం ఆగాను, రాసుకోండి. ఇది నా తప్పు కాదు” అంటూ ఒక్కో ఆలస్యాన్నీ లెక్క చెప్పాడు. ఇన్నేళ్లుగా ఆయన మనసులో ఉన్నదంతా ఆ కాగితం మీదికి వచ్చింది. ఏ బృందమైనా మా దగ్గర నుంచి ఒక్కటే తీసుకోవాలనుకుంటే దీన్నే తీసుకోమంటాను. కొలత పని చేసే మనిషి చేతిలో ఉండాలి.

ఫర్నిచర్ ఆయన ఆపరేటర్ నడిచిన దారిని షెడ్డు నక్షా మీద పెన్సిలుతో గీస్తూ పోయారు. చివరికి మెషిన్‌కూ ఇంక్ అలమరకూ మధ్య కాగితం గీతలతో నల్లబడింది. రిపేర్ సెంటర్ అక్క ఒకే ఒక్క ప్రశ్న వేసింది: “ఆయన వెతుకుతున్నది వస్తువునా, సమాచారాన్నా?” చూస్తే చాలాసార్లు సమాచారాన్నే. జాబ్ కార్డులో కాగితం గ్రామేజీ (చదరపు మీటరుకు బరువు) ఉండదు, కస్టమర్ ఓకే చేసిన ప్రూఫ్ ఏదో తెలియదు, దాంతో ఆపరేటర్ ఆఫీసుకు పోయి అడిగి రావాలి.

ఆ తర్వాత చేసిన పని పెద్ద చదువేమీ అక్కర్లేనిది. మెషిన్ ఆగితేనే చేయగలిగేవి ఏవి, నడుస్తుండగానే ముందే చేసి పెట్టుకోగలిగేవి ఏవి అని విడదీశాం. ఈ పద్ధతికి రూపం ఇచ్చింది జపాన్ ఇంజనీర్ షిగియో షింగో. టయోటాలో లోహపు రేకులను నొక్కి ఆకారం ఇచ్చే వెయ్యి టన్నుల ప్రెస్‌కు డై (అచ్చు దిమ్మె) మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. 1969లో ఆయన అక్కడివాళ్లతో కలిసి దాన్ని ముందు గంటన్నరకు, ఆపైన మూడు నిమిషాలకు తెచ్చారు. కీలకం ఈ విడదీయడమే. మా దగ్గర ప్లేట్లు, కాగితం, ఇంక్, ఓకే అయిన ప్రూఫ్ నాలుగూ ఒక ట్రాలీ మీదికి చేరితే తప్ప ఆ జాబు మెషిన్ వరసలోకి రాదని పెట్టుకున్నాం. ట్రాలీ సిద్ధం చేసేది హెల్పర్, ముందు జాబు నడుస్తుండగా.

లాండ్రీ ఆయన మా దగ్గర ఇంకోటి గమనించారు. “మేం తెల్లబట్టలు ముందు వేసి ముదురు రంగులు చివర్లో వేస్తాం. మీ దగ్గర నలుపు తర్వాత పసుపు ఎందుకొచ్చింది?” అని అడిగారు. స్పెషల్ రంగుల జాబుల్లో లేత నుంచి ముదురుకు పోతే కడిగే పని బాగా తగ్గుతుందని మా ఆపరేటర్లందరికీ తెలుసు. కానీ ఏ జాబు ముందో నిర్ణయించేది ఆఫీసు, అది చూసేది తేదీని. తెలిసినవాళ్లకు అధికారం లేదు, అధికారం ఉన్నవాళ్లకు ఆ సంగతి అడగాలని తోచలేదు. ఇప్పుడు ఒకే రోజు ఇవ్వాల్సిన జాబుల వరస ఆపరేటరే వేస్తాడు.

మేక్‌రెడీ క్రమంగా అరగంట దరిదాపుల్లోకి వచ్చింది. రంగు కుదిరేదాకా పోయే వేస్ట్ షీట్లు కూడా తగ్గాయి. కొత్త మెషిన్ ఆలోచన మానుకున్నాను. మిగిలిన సమయంతో, ఇదివరకు గిట్టుబాటు కాదని వద్దన్న చిన్న ఆర్డర్లు తీసుకుంటున్నాం.

లేత్ వర్క్‌షాప్‌లో చూసింది వేరే సంగతి. అక్కడ ఎటు చూసినా సగం పూర్తయిన జాబులే. ఆయన ప్రశ్న: డెలివరీ తేదీ ఎందుకు చెప్పలేకపోతున్నాను? దీనికి అమెరికా ప్రొఫెసర్ జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఒక సూత్రం పనికొచ్చింది. చేతిలో ఉన్న జాబుల సంఖ్యను రోజుకు సగటున పూర్తయ్యే జాబులతో భాగిస్తే ఒక్కో జాబుకు సగటున పట్టే రోజులు వస్తాయి. 60 జాబులు మొదలుపెట్టి రోజుకు 5 పూర్తిచేస్తుంటే సగటున 12 రోజులు. 30 మాత్రమే చేతిలో ఉంచుకుని అదే 5 పూర్తిచేస్తే 6 రోజులు. పని వేగం పెరగలేదు, అయినా మొదలుపెట్టిన జాబు పూర్తయ్యే సమయం సగమైంది. కాకపోతే మిగతా 30 జాబులు ఇంకా మొదలుపెట్టలేదని ఆ కస్టమర్లకు నిజం చెప్పాలి. ఆయనకు కష్టమైంది అదే. “మొదలుపెట్టేశాం” అనడం అలవాటైన నోటికి “ఫలానా రోజు మొదలుపెడతాం” అనడం అంత తేలిక కాదు. ఇప్పుడు ఒకటి బయటికి వెళ్తేనే ఇంకోటి లోపలికి తీసుకుంటున్నారు.

కుట్టు యూనిట్‌లో కట్టల సైజు తగ్గించారు. పెద్ద కట్ట చివరిదాకా వెళ్లాక గానీ బయటపడని కుట్టు లోపం ఇప్పుడు కొద్ది ముక్కలకే దొరుకుతోంది. లాండ్రీలో ట్యాగుల సంగతి, ఫర్నిచర్ షాపులో పాలిష్ ఆరే చోటు సంగతి ఉన్నాయి కానీ అవి వాళ్లు చెప్తేనే బాగుంటుంది.

అన్నీ ఇంత సాఫీగా సాగలేదు. మా దగ్గర ఇంక్, గమ్ కోసం రెండు డబ్బాల పద్ధతి బాగా పనిచేస్తుంది. ఒకటి ఖాళీ కాగానే ఆర్డర్ వెళ్తుంది, రెండోది వాడుతుంటాం. అది చూసి రిపేర్ సెంటర్ తమ్ముడు ముచ్చటపడి తమ విడిభాగాలన్నిటికీ పెట్టాడు. తరచూ పోయే కనెక్టర్లు, ఫ్యూజులకు చక్కగా కుదిరింది. ఏడాదికోసారి అవసరమయ్యే బోర్డులకు మాత్రం అనవసరపు నిల్వ పెరిగింది. వాడకం నిలకడగా ఉన్నచోటే ఆ పద్ధతి సరిపోతుంది. అందుకే తర్వాత మా చర్చల్లో ఒక మార్పు చేసుకున్నాం. ఎవరైనా తమ దగ్గర బాగా నడుస్తున్నదాన్ని చూపిస్తే, అది ఏ ఇబ్బంది నుంచి పుట్టిందో కూడా చెప్పాలి. వినేవాళ్లు ఆ ఇబ్బంది తమకుందా లేదా అని ముందు చూసుకోవాలి. నా మటుకు నాకు పక్క యూనిట్ నుంచి తెచ్చుకోవాల్సింది వాళ్ల జవాబు కన్నా వాళ్ల ప్రశ్న. “వెతుకుతున్నది వస్తువునా, సమాచారాన్నా” అన్న ప్రశ్నను అందరం తీసుకెళ్లాం, అది అందరి దగ్గరా పనిచేసింది.

మధ్యలో హాజరు తగ్గింది. సీజన్ పని మీద పడితే యజమానులు రావడం మానేసి సూపర్‌వైజర్లను పంపారు. మొదట నాకు బాధేసింది. తీరా చూస్తే సూపర్‌వైజర్లు వచ్చిన సమావేశాల్లోనే మాటలు సూటిగా నడిచాయి, ఎందుకంటే రేపు ఆ పని చేయాల్సింది వాళ్లే. ఇప్పుడు ప్రతి యూనిట్ నుంచి ఒక యజమాని, పని చేసే ఒకరు కలిసి రావాలని పెట్టుకున్నాం. మా సీనియర్ ఆపరేటర్ ఒక్కటి కూడా తప్పడం లేదు. సమావేశం మొదట్లో, క్రితంసారి చూసిన యూనిట్ వాళ్లు తర్వాత ఏం చేశారో, ఏది చేయలేకపోయారో ఒకరు చెప్తారు. ఈ కాసేపటి భయం వల్లే చాలా పనులు ముందుకు జరిగాయని నా నమ్మకం.

మా ప్రెస్‌లో ఇంకా తెగని ముడి ప్రూఫ్ ఓకే రావడం. ట్రాలీ మీద అన్నీ సిద్ధంగా ఉంటాయి, కస్టమర్ ఓకే ఒక్కటే రాదు. అది మా షెడ్డులో ఎంత నిలబడి చూసినా దొరకదు, కస్టమర్ ఆఫీసులో ఆ ప్రూఫ్ ఎవరి టేబుల్ మీద ఆగుతోందో చూడాలి. తరచూ పని ఇచ్చే ఒక కస్టమర్‌ను అడిగితే తమ దగ్గరకు వచ్చి చూడమన్నారు. వచ్చే సందర్శన అక్కడే, ప్రశ్న కూడా వాళ్లే రాసి పంపారు: మీరు పంపిన ప్రూఫ్‌లో మమ్మల్ని ఏం చూడమంటున్నారో మాకెలా తెలియాలి?