ఐదో తరగతిలో చదవడం రాని పిల్లలతో ఒక ఏడాది

చిత్తూరు జిల్లాలో, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో నేను ఐదో తరగతి తీసుకున్న మొదటి వారంలోనే, ఒక అబ్బాయి పుస్తకం తెరిచి, వరుసల మీద వేలు నడుపుతూ పాఠమంతా తప్పు లేకుండా చదివాడు. దగ్గరికి వెళ్లి చూస్తే తెరిచి ఉన్న పేజీ వేరే పాఠానిది.

ఆ మధ్యాహ్నమే పిల్లలను ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి చదివించాను. పల్లెల్లో పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2005 నుంచి వాడుతున్న పద్ధతి ఇందుకు సరిపోయింది. ముందుగా ఒకటో తరగతి స్థాయి పేరా ఇవ్వాలి. చదివితే రెండో తరగతి స్థాయి కథకు, చదవలేకపోతే పదాలకు, అక్కడా తడబడితే అక్షరాలకు వెళ్లాలి. 23 మందిలో 9 మంది పేరా చదవలేకపోయారు.

నేను చేసిన మొదటి పని పొరపాటే. తొమ్మిది మందికీ అఆల నుంచి మళ్లీ దిద్దబెట్టాను. ఆరు వారాల్లో చేతిరాత ముత్యాల్లా తయారైంది గానీ, ‘ధ’ చూపిస్తే ఆ అబ్బాయి క నుంచి పెదవుల్లోనే వల్లించుకుంటూ వచ్చి, అక్కడ ఆగి, అప్పుడు చెప్పేవాడు. బస్సు బోర్డు మీద ‘చిత్తూరు’ను తడుముకోకుండా చదివేవాడు, ‘తూరుపు’ అని రాస్తే మొదటి అక్షరమే పలకలేడు. అంటే ఆ బోర్డు అతనికి ఒక బొమ్మ.

అప్పటినుంచి ఎవరు ఎక్కడ తప్పుతున్నారో ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఇద్దరు ‘వు’ను ‘మ’ అని చదువుతున్నారు. ఇంట్లో తమిళం మాట్లాడే ముగ్గురికి క, గల మధ్య తేడా నిలవడం లేదు. తమిళ లిపిలో ఆ రెంటికీ ఒకటే అక్షరమని గుర్తుకు వచ్చాక వారిని మందలించడం మానేశాను. మిగిలినవారి చిక్కంతా వత్తులతోనే.

ప్రార్థన అయ్యాక రోజూ 40 నిమిషాలు వారిని స్థాయిని బట్టి కూర్చోబెట్టాను. ఐదు అక్షరాలు, ఒక గుణింతపు గుర్తు, వెంటనే వాటితో పదాలు. వత్తుల్లో ముందుగా గ, డ, ద, ప లాంటివి తీసుకున్నాను. అసలు అక్షరంతో పోలికే లేని త, న, మ, య, ర, ల వత్తులను చివరికి ఉంచాను. ‘గుడు’, ‘గుడ్డు’ పక్కపక్కన రాసి, గట్టిగా పలికించి, వత్తు ఏం చేస్తోందో వారితోనే చెప్పించేవాణ్ని. పిల్లలు చెప్పిన వాక్యాలనే చార్టు మీద రాసి చదివించడం అన్నిటికన్నా బాగా పనిచేసింది. ‘మా అవ్వ తోటలో మామిడికాయలు కోసింది’ అన్న వాక్యాన్ని దాని సొంతదారు పదిసార్లయినా విసుగు లేకుండా చదివాడు. ఆ అవ్వే ఒకరోజు బడికి వచ్చి, ‘వానికి చదువు అబ్బదులే సార్, వాళ్ల నాయన మాదిరే’ అంది. నేను వాదించకుండా వాడి చేత ఆ చార్టు చదివించాను.

ఫిబ్రవరి నాటికి, మొదటి వారంలో వేరే పేజీ తెరిచి పాఠం అప్పజెప్పిన ఆ అబ్బాయితో సహా ఆరుగురు కథ చదివారు, ఇద్దరు పేరా దగ్గర ఉన్నారు. ఒక అమ్మాయి మాత్రం పదాలు దాటలేదు. నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని (డిస్లెక్సియా లాంటి, చదవడం రాయడంలో ఉండే ఇబ్బందిని) 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది కనుక, పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి పంపాను. ఆమె ఆరో తరగతికి వేరే బడికి వెళుతున్నందున, నా నోటుపుస్తకంలోని ఆమె పేజీలను టీసీతో పాటు కవరులో పెట్టి ఇచ్చాను.