తంజావూరు సరస్వతీ మహల్‌కు వెళ్లే తెలుగువాళ్లకు

తంజావూరు బుధవారం నాడు వెళ్లకండి. సరస్వతీ మహల్ గ్రంథాలయానికి ఆ రోజు సెలవు. మిగతా రోజుల్లో ఉదయం 10 నుంచి 1 దాకా, మళ్లీ 1.30 నుంచి సాయంత్రం 5.30 దాకా ప్రదర్శనశాల తెరిచి ఉంటుంది. పెద్ద గుడి, అంటే బృహదీశ్వరాలయం, మధ్యాహ్నం మూసేసి నాలుగింటికి గానీ తెరవరు. అందుకని మేం తెల్లవారుతూనే గుడి చూసుకుని, పదింటికల్లా గ్రంథాలయం ఉన్న కోటలోకి వెళ్లాం. ఎండాకాలమైతే ఈ వరుస తప్పనిసరి. పొద్దెక్కాక ఆ రాతి ప్రాకారంలో ఉత్తికాళ్లతో నిలబడలేరు. మన వైపు రైళ్లు చాలావరకు చెన్నై సెంట్రల్‌కే చేరతాయి, తంజావూరు బండి మాత్రం ఎగ్మూరులో ఎక్కాలి. రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి దిగొచ్చు.

కోట ఆవరణలో దర్బారు హాలు, శిల్పాల ప్రదర్శనశాల, గ్రంథాలయం పక్కపక్కనే ఉన్నా దేని లెక్క దానిదే. దర్బారు హాలు టికెట్టు పట్టుకుని శిల్పాల దగ్గరికి వెళితే వెనక్కి పంపుతారు. గ్రంథాలయం వాళ్లు జనానికి చూపించేది ఒక చిన్న హాలు. అరగంటలో చుట్టేసి “ఇంతేనా” అనుకుంటూ బయటికొచ్చేవాళ్లే ఎక్కువ. అసలు నిధి లోపలి బీరువాల్లో ఉంది. తాళపత్రాలూ కాగితం ప్రతులూ కలిపి 40 వేలకు పైమాటే. అందులో సింహభాగం సంస్కృతం. తమిళం, మరాఠీ, తెలుగు ఆ తరవాతే. మరాఠీ రాయడానికి వాడిన పాత మోడి లిపిలో ఉన్న మరాఠా దర్బారు కాగితాల కట్టలు వీటికి అదనం.

అరవదేశంలో ఇన్ని తెలుగు ప్రతులు ఎలా చేరాయన్నది చేమకూర వెంకటకవిని చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. చేమకూరను పోషించిన తంజావూరు రాజు రఘునాథ నాయకుడు, ఆయన కొడుకు విజయరాఘవుడు తామే తెలుగులో కావ్యాలూ యక్షగానాలూ రాశారు. కవయిత్రి రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ విజయరాఘవుడి కొలువులో పుట్టిందే. 1673లో మదురై సేనల చేతిలో విజయరాఘవుడు చనిపోయాడు, కొద్దికాలానికే గద్దె మరాఠాల చేతికి వచ్చింది. రాజులు మారారు గానీ తెలుగు కొలువు దిగిపోలేదు. మరాఠా రాజు శాహజీ ‘పల్లకి సేవా ప్రబంధం’ తెలుగులోనే రాశాడు. గ్రంథాలయాన్ని ఇంత చేసింది మాత్రం 1832లో పోయిన మరాఠా రాజు రెండో శరభోజి. కాశీయాత్రకు వెళ్లి ప్రతులు సేకరించుకొచ్చాడు, ఐరోపా పుస్తకాలు తెప్పించి వాటిమీద ఇంగ్లీషులో సంతకం చేసుకున్నాడు. మనుషుల ముఖాలను జంతువుల, పక్షుల ముఖాలతో పోలుస్తూ ఫ్రెంచి చిత్రకారుడు లె బ్రన్ వేసిన బొమ్మలు హాల్లో ఉన్నాయి. జనం గుమిగూడేది వాటి దగ్గరే. నా ఓటు మాత్రం ఆ పక్కనున్న తాళపత్రాలకే.

ఆకును చూడటానికీ ఓ పద్ధతి ఉంది. మందంగా, బిరుసుగా ఉంటే తాటాకు. పల్చగా, వెడల్పుగా, వంచితే వంగేలా ఉంటే శ్రీతాళం అనే మరో తాటిజాతి ఆకు. గంటంతో గీసిన అక్షరం గీసినప్పుడు దాదాపు కనబడదు. మసి నూనెలో కలిపి రుద్ది తుడిస్తే గాట్లలో నిలిచిన నలుపే మనం చదివేది. మసి పోతే ఆకు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది, మళ్లీ పూస్తే అక్షరాలు తేలతాయి. ఆకు ఎండితే ముందు విరిగేది తాడు దూర్చిన రంధ్రం చుట్టూ, ఆ తరవాత అంచులు. నిమ్మగడ్డి నూనె రాసేది ఆకు మెత్తబడటానికీ, పురుగు దూరంగా ఉండటానికీ. బీరువాల్లో పెట్టే గుడ్డమూటల్లో వస, నల్లజీలకర్ర, లవంగం, మిరియం, దాల్చినచెక్క, కర్పూరం ఉంటాయి. వాసన తగ్గితే మూట మార్చాల్సిందే.

తెలుగు వచ్చుకదా అని ఆకు ముందు కూర్చుంటే మొదటి పంక్తిలోనే ఆగిపోతాం. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. పద్యం నాలుగు పాదాలూ వచనంలా ఏకబిగిన సాగిపోతాయి. ‘ధర్మ’ అన్నచోట రేఫ, అంటే ర్, వలపలగిలక అనే గుర్తుగా అక్షరం పక్కన నిలబడుతుంది. అంకెలు తెలుగువే. ఛందస్సు తెలిసినవాళ్లకు యతిప్రాసలే దారి చూపిస్తాయి, ప్రాసాక్షరం దొరికితే పాదం ఎక్కడ విరిగిందో తెలిసిపోతుంది.

పరిశోధనకు వెళ్లేవాళ్లు ముందే ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకోవాలి. ఏ ప్రతి, ఎందుకు అన్నది స్పష్టంగా ఉండాలి, విశ్వవిద్యాలయం లేఖ ఉంటే పని తేలిక. “తెలుగువి ఏమున్నాయి” అని అడిగితే పని జరగదు. రాతప్రతుల వివరణాత్మక పట్టికలో మీకు కావాల్సిన ప్రతి నంబరు చూసుకుని వెళ్లండి. అంత ఓపిక లేనివాళ్లు గ్రంథాలయం సొంత ప్రచురణలు అమ్మేచోట ఆగితే చాలు. నా దృష్టిలో హాలు కన్నా అక్కడ గడిపే గంటే విలువైనది. తమిళం, సంస్కృతం పుస్తకాలు ముందు వరసలో ఉంటాయి, తెలుగువి అడిగి తీయించుకోవాలి.

ఒక రోజు మిగిలితే విజయరాఘవుడి ఇలవేల్పు రాజగోపాలస్వామి ఉన్న మన్నారుగుడి వెళ్లొచ్చు. త్యాగరాజు ఉన్న తిరువయ్యారు ఇంకా దగ్గర, 13 కిలోమీటర్లు. మే నెల అయితే నా సలహా దగ్గర్లోని మెలట్టూరు. నరసింహ జయంతికి అక్కడ భాగవతమేళం అనే నృత్యనాటక ప్రదర్శనల్లో మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగు నాటకాలు ఆడతారు. స్త్రీ పాత్రలూ మగవాళ్లే వేస్తారు, ‘ప్రహ్లాద చరిత్రం’ రాత్రి మొదలైతే తెల్లవారేదాకా సాగుతుంది. జయంతి తేదీ ఏటా మారుతుంది కాబట్టి పంచాంగం చూసుకోండి. గది తంజావూరులో తీసుకుని, తిరుగు బండి ముందే మాట్లాడుకోవాలి.