ఓవెన్‌లో పెట్టిన పలకలు

రాత్రి పదకొండు దాటింది, ఇంట్లో అందరూ నిద్రపోయారు, నాకు మాత్రం ఆ ఆరు పలకలు కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. సోమవారం నాడు 25 డిగ్రీల గదిలో పోసి, ఏడు రోజుల వరకు ఎవరూ ముట్టుకోకూడదని కాగితం అంటించి వచ్చిన పలకలవి, విమాన భాగాల అతుకుల కోసం మేము పరీక్షిస్తున్న రెసిన్ (కలిపాక బిగిసి గట్టిపడే జిగురు) పలకలు. వాటిని, నివేదిక త్వరగా ఇవ్వవచ్చునన్న ఆశతో మా ల్యాబ్ కుర్రవాడు నిన్న సాయంత్రం 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టేశాడు. "గట్టిగానే వచ్చాయి కదా మేడమ్" అని అతను అన్న మాటకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

గట్టిపడడం ఒక్కటే చాలనుకుంటే ఇన్ని నెలలు కష్టపడవలసిన పని లేదు. దెబ్బతిన్న విమాన భాగాన్ని 121 డిగ్రీల దాకా వేడి చేసి అతుకు వేస్తే, లోపలి తేనెపట్టు అల్లికలో చిక్కుకున్న తేమ ఆవిరై పైపొరనే ఊడగొట్టవచ్చు. అందుకే వేడి అక్కర్లేని రెసిన్ కావాలి. అయితే గది వేడికే బిగిసే ఎపాక్సీ రకం రెసిన్, తన గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత (గట్టిపడినది మళ్ళీ మెత్తబడే వేడి) గది కంటే పది ఇరవై డిగ్రీలు పైకి చేరేసరికి, అణువులు కదలలేక సగంలోనే నిలిచిపోతుంది. మే నెల ఎండలో నిలబెట్టిన విమానంపై ముదురు రంగు వేసిన భాగం 70 డిగ్రీలు దాటిందంటే ఆ అతుకు మెత్తబడుతుంది. ఆ లోటు ఎంతో కొలవడానికే ముట్టుకోవద్దన్నాను.

అన్నం తింటుంటే నాన్నగారు గుర్తుకు వచ్చారు. ఆవకాయ జాడీ మూత రెండు ముక్కలైన రోజున ఆయన అరాల్డైట్ అనే ఎపాక్సీ జిగురు ట్యూబులు రెండింటినీ పోస్టుకార్డు ముక్క మీద శనగగింజంత చొప్పున పిండి, అగ్గిపుల్లతో తెల్లబడేదాకా కలిపి, ముక్కలను అతికించి సైకిలు ట్యూబు రబ్బరుతో బిగించి కట్టారు. రేపటిదాకా తాకవద్దని నాకు చెప్పినా, రాత్రి రెండుసార్లు లేచి వెళ్ళి వేలితో నొక్కి చూశాను. అంచున పడిన ఆ వేలిముద్ర మూత ఉన్నన్నాళ్ళూ అలాగే ఉంది. మర్నాడు ఆయనే ఆ మూతను పిట్టగోడ మీద ఎండలో పెట్టి, వేడి తగిలితే ఇంకా బిగుస్తుందన్నారు.

ఇది రాస్తుండగానే నా కోపం సగం తగ్గింది. హ్యాంగర్‌లో పనిచేసేవాళ్ళు కూడా, వీలున్నప్పుడు, అతుకు మీద హీట్ బ్లాంకెట్ పరచి కాస్త వెచ్చబెడతారు కాబట్టి, ఆ ఆరు పలకలను పారేయకుండా వేరే గుర్తు వేసి పరీక్షించవలసిందే. అయినా నన్ను ఒక్క మాట అడగవలసింది. రేపు ఇంకో ఆరు పోయాలి. బయట వాన పడుతోంది. ఈ తేమగాలి తగిలితే రెసిన్ బిగియడానికి కలిపే హార్డెనర్ పాడై, పలకల మీద జిగట పొర కడుతుంది, ఆ డబ్బా మూత గట్టిగా బిగించి వచ్చానో లేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.