సెన్సర్ కొన మీద తెల్లపూత

నెల రోజులుగా వెలుగుతూ ఉన్న చెక్ ఇంజిన్ లైటు ఇవాళ ఆరింది. మైలేజీ పడిపోతుంటే ముందు పెట్రోలునే అనుమానించాను, ప్లగ్గులు కూడా మార్చాను. చివరికి స్కానర్ పెడితే పి0133 అని వచ్చింది. అంటే ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ నెమ్మదిగా స్పందిస్తోందని.

కోడ్ వచ్చింది కదా అని వెంటనే మార్చేయలేదు. సెన్సర్‌కి ముందు పొగ గొట్టంలో చిన్న లీకున్నా బయటి గాలి దూరి లెక్క తప్పుతుంది. అది లేదని తేల్చుకున్నాక లైవ్ డేటా చూస్తూ కూర్చున్నా. వోల్టేజి 0.1, 0.9 మధ్య చకచకా ఊగాలి. నాది పాకుతోంది! పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో సెన్సర్ చెబితేనే కదా, ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి అనే లెక్క కంప్యూటర్ సరిచూసుకునేది.

ఇంజిన్ కాస్త వెచ్చగా ఉండగానే విప్పాను (పూర్తిగా చల్లారితే మర ఓ పట్టాన కదలదు). కొన మీద సున్నం పూసినట్టు తెల్లటి పూత. అప్పుడు గుర్తొచ్చింది, ఇంజిన్ పైమూతకి, అదే వాల్వ్ కవర్‌కి, మామూలు సిలికాన్ సీలెంట్ వేసిన సంగతి. దాని ఆవిరి ఇంజిన్లోకి పోయి, కాలి, ఇక్కడ పేరుకుంది. ఆ పూత కడిగినా పోదు. సీలెంట్ కొనేటప్పుడు ట్యూబు మీద 'సెన్సర్ సేఫ్' అని ఉందో లేదో దయచేసి చూడండి.

కొత్తది బిగించాను, కొనకి వేలు కూడా తగలనివ్వకుండా. ఇప్పుడు గ్రాఫు పైకీ కిందికీ గబగబా ఊగుతుంటే ఎంతసేపు చూసినా తనివి తీరడం లేదు.